గడియలు పీకేసిన ఇల్లు

ఫైర్ స్టేషన్‌లో అతన్ని అందరూ గునపం అంటారు. ఎంత బిగుసుకున్న తలుపైనా అతని చేతిలో పడితే తెరుచుకోవాల్సిందే. అలాంటి మనిషి ఒక ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుని సొంత ఇంట్లో గడియలన్నీ పీకేశాడు, స్నానాల గదిది కూడా. అడిగితే తుప్పు పట్టాయన్నాడు. చోద్యం కాకపోతే, మొన్న బిగించిన గడియలకు తుప్పేమిటి! కూతురు పాపం, స్నానానికి వెళ్లినప్పుడల్లా లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి గొంతెత్తి పాడుకునేది.

భార్యకు సంగతి తెలుసు. అంతకుముందు ఒక అపార్ట్‌మెంటు అంటుకున్నప్పుడు, ఎవరో ఆడమనిషి లోపలి నుంచి తలుపు బాదుతుంటే, కమ్ముకున్న పొగలో ఇతను పక్క తలుపు పగలగొట్టాడు. అసలు తలుపు తెరిచేసరికి ఆమె ప్రాణాలతో లేదు. అప్పటినుంచి ఇతనికి కంటి మీద కునుకు లేదు. మానసిక వైద్యుడికి చూపించుకోమని భార్య బతిమాలితే కస్సుమన్నాడు. స్టేషన్‌లో ఒకడు అలాగే వెళ్లొస్తే, స్క్రూ లూజని పేరు పెట్టి, ఫైరింజన్ బండి దింపి స్టోర్‌రూంలో కూర్చోబెట్టారు మరి. బండెక్కని బతుకు ఇతనికి బతుకే కాదు.

ఇంతలో ఇతని అత్తగారు వచ్చారు. గడియ లేని గదిలో స్నానం ఆవిడ వల్ల అవుతుందా? నీళ్ల డ్రమ్ము తలుపుకు అడ్డంగా జరుపుకున్నారు. లోపల ఎవరున్నారో తెలియక ఇతను తోస్తే తలుపు కదల్లేదు. కుళాయి హోరులో ఇతని పిలుపు ఆవిడకు వినబడలేదు. ఇంకేముంది, భుజంతో ఒక్క గుద్దు. తలుపు ఊడి పక్కకు ఒరిగింది. లోపల అత్తగారు చీర కుచ్చిళ్లు పట్టుకుని కొయ్యబారిపోయి ఉన్నారు.

ఇతను ఆవిడ ముందు కూలబడిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు.

"తలుపు కొడుతూనే ఉందత్తయ్యా. నేను పక్క తలుపు పగలగొట్టాను."

ఆవిడ తడి చేత్తోనే అల్లుడి తల నిమిరారు. కాసేపటికి అన్నారు:

"రేపు అమ్మాయి చెప్పిన ఆ డాక్టరు దగ్గరికి పోదాం బాబూ. ఎవరన్నా అడిగితే మా అత్తకి మతి తప్పిందని చెప్పు. ఈ వయసులో నన్నెవరూ ఏమీ అనుకోరు."

అత్తగారి పేరు చెప్పే సెలవు తీసుకున్నాడు. ఆస్పత్రి హాల్లో చూస్తే ఎదురు బెంచీ మీద తమ ఫైరింజన్ డ్రైవరు! వాళ్లమ్మను మోకాళ్ల నొప్పులకు తీసుకొచ్చాడట. ఇతను లేచి పోదామనుకునేలోపే నర్సు వచ్చి, మానసిక వైద్యానికి వచ్చిన పేషెంటు ఎవరని అడిగింది. అత్తగారు మాటంటే మాటేనన్నట్టు చటుక్కున లేచారు.

ఆ మనిషిని అలా నిలబడి చూడగానే ఇతనికి సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు.

"మీరు కూర్చోండత్తయ్యా. పేషెంటుని నేనే," అన్నాడు, డ్రైవరుకు కూడా వినబడేలా.

డ్రైవరు లేచొచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాడు.

"వెళ్లిరా అన్నా. పెద్దావిడ దగ్గర నేనుంటా. బయటికొచ్చాక, ఎలా చూస్తారో నాకూ చెప్పు."