మంచం కింద చీటీ

మా ఆయన విశాఖపట్నం రేవులో ఓడెక్కి మూడు నెలలైంది. ఆయన ఇంట్లో వదిలి వెళ్ళిన ట్రంకుపెట్టె నేను సర్దుతుంటే అడుగున ఒక చిన్న పుస్తకం దొరికింది. స్పానిష్ మాటలు, పక్కనే ఇంగ్లీషులో అర్థాలు. కళాసీ పని కదా, పరాయి రేవుల్లో పనికొస్తుందని మొదట సరిపెట్టుకున్నాను. కానీ మూడు చోట్ల పెన్సిలు గీతలున్నాయి. 'సిన్ తి' అంటే నువ్వు లేకుండా. 'పారా తి' అంటే నీ కోసం. 'ఆస్తా మన్యానా' అంటే రేపటిదాకా సెలవు. ఓడ మీది కళాసీ రేపటిదాకా సెలవు చెప్పాల్సిన మనిషెవరు?

అరవైల చివరి రోజులవి. పాతపట్నంలో స్పానిష్ చెప్పేవాళ్ళెవరుంటారు, నా మొహం. మిషన్ బడిలో స్కూలు ఫైనలు దాకా చదివాను, నేనే నేర్చుకుంటానని పట్టుబట్టాను. ఈసారి వచ్చాక ఆయన ఏ ఉత్తరం దాచినా నేను చదివి తీరాలి.

పెద్ద మాటలు త్వరగానే పట్టుబడ్డాయి. ప్రాణం తీసినవి చిన్న మాటలే. మనకి మంచం ముందు, కింద తర్వాత. వాళ్ళు 'దెబాహో దె' అని కిందను ముందు చెప్పి, అప్పుడు మంచం అంటారు. 'పోర్', 'పారా' రెండూ మన 'కోసం'లాగే కనిపిస్తాయి. ఒకటి కారణం చెబుతుంది, రెండోది ఎవరికి చేరాలో చెబుతుంది. మా ఆయన గీత గీసింది రెండోదాని కింద.

చీటీలు రాసి, ఎక్కడి మాట అక్కడ పెట్టాను. బియ్యం కుండలో 'దెంత్రో', పెట్టె మీద 'సోబ్రె', అత్త మంచం కింద 'దెబాహో'. వంట మధ్యలో అన్నం మెతుకులతో అంటించడంతో చీటీలకి చేతి పసుపు అంటుకుంది. ఆ వారమే అత్తకి జ్వరం తగిలింది. ఊడవడానికొచ్చిన పక్కింటావిడకి మంచం కింద చీటీ దొరికింది.

పసుపు పూసిన కాగితం, ఎవరికీ తెలియని రాత, పైన జ్వరంతో మనిషి. మా వైపు చేతబడి అనక ఇంకేమనుకుంటారు?

"నాకు సిల్లంగి ఎట్టీసినావే," అంది అత్త. "నీ సేతి గంజి ముట్టను. మీ అన్నకి కబురంపేను, వొచ్చి తోలుకుపోతాడు."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన కన్నతల్లితో ఏమని చెప్పను, మూడు పెన్సిలు గీతలు చూపించి? రెండు రోజులు అత్త పక్కింటి గంజే తాగింది. నేను వీధిలోకి వెళితే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. చిల్లంగి మనిషన్న పేరు పడితే పుట్టింట్లోనూ నిలవనీయరు.

మూడో రోజు అన్న వచ్చాడు. నా మొహం వంక చూడకుండానే, "ఏటి సేసినావే?" అన్నాడు. ఇక దాచలేదు. పుస్తకం తెచ్చి అత్త మంచం మీద పడేశాను. గీతలు చూపించి అర్థాలు చెప్పాను.

"నీ కొడుకు మీద అనుమానంతో నేర్సుకుంతన్నాను అత్తా. నిన్నేటీ సెయ్యలేదు."

అత్తకి చదువు రాదు. గీత మీద వేలు పెట్టి ఆ చివరిదాకా జరిపింది. తర్వాత అన్నతో, "నువ్వెల్లిరా నాయనా. పిల్ల ఇక్కడే ఉంటాది," అంది.

అన్న వెళ్ళాక నా వైపు తిరిగింది.

"మీ మావ తొమ్మిదేళ్ళు బర్మాలో, రంగం పట్నంలో ఉన్నాడు. తిరిగొచ్చేక నిద్దట్లో బర్మా మాట ఒకటి అనీవోడు. రోజూ అదే మాట. అది ఊరి పేరో, మనిషి పేరో, సచ్చిపోయిందాకా నాకు తెల్లేదు."

గంజి తెమ్మంది. ఒక గుక్క తాగి గిన్నె పక్కన పెట్టింది.

"ఆడొచ్చీలోపల నేర్సీసుకో," అంది.