వరస తప్పించిన చెల్లెలు

మా చెల్లెలు పీహెచ్‌డీ అయ్యాక కూడా చదువుతూనే ఉంది. ఫెలోషిప్ అట. ఆసుపత్రుల్లో జనానికి వైద్యం ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టి, ఏం మార్చాలో ప్రభుత్వానికి చెప్పడం నేర్పుతారట.

"పళ్ళూడాక ఉద్యోగంలో చేరతావా ఏమే?" అని అమ్మ దెప్పుతూనే ఉంటుంది.

ఆ శిక్షణకని దాన్ని నేను స్ట్రెచర్లు తోసే ఆసుపత్రికే పంపారు. ఎక్స్‌రే గది ముందు రోగుల పక్కనే కూర్చుని, ఎవరికి ఎందుకు ఆలస్యమవుతోందో చూడటం దాని పని.

ఒకరోజు అమ్మ బాత్రూంలో జారిపడింది. చక్రాల కుర్చీలో తోసుకొచ్చాను. మా పనివాళ్ళకో అలవాటుంది. మనవాళ్ళొస్తే వరసా గిరసా చూడం. "జరగండి, జరగండి" అంటూ సరాసరి లోపలికి తీసుకుపోతాం. అమ్మనీ అలాగే తీసుకుపోయాను. చెల్లెలు చూసింది. ఏదో అనబోయి, అమ్మ మూలుగు విని ఆగిపోయింది.

దాని పక్కన ఒక ముసలాయన, దెబ్బతిన్న చేతిని తువ్వాలుతో మెడకి కట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఇప్పుడు నా వంతు కదూ?" అని మా చెల్లెల్ని అడిగాడు.

"ఇంకా రాలేదు తాతా," అంది తలెత్తకుండా.

అమ్మ బయటికొచ్చేసరికి భోజనాల వేళని గది మూసేశారు; ముసలాయన బయటే ఉండిపోయాడు. అమ్మకి ఎముక విరగలేదు. ఆయనకి విరిగిందని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక చెల్లెలు అన్నం కలుపుకుని, ముద్ద ఎత్తలేకపోయింది.

"అమ్మ కోసమే కదే," అన్నాను.

"అందరూ అమ్మ కోసమే చేస్తారన్నయ్యా. అందుకే ఆ వరస కదలదు."

తర్వాత అది చూసిందంతా చెప్పాల్సిన మీటింగు వచ్చింది. పెద్ద డాక్టర్లు, దాని గురువుగారు కూర్చున్నారు. కుర్చీలు మోసి నేను గోడవారగా నిలబడ్డాను. చెల్లెలు ఆ ముసలాయన సంగతి కూడా చెప్పింది.

"ఆ రోజు ముందుకెళ్ళింది మా అమ్మ. తోసింది మా అన్నయ్య. చూసి కూడా ఆ పెద్దాయనకి అబద్ధం చెప్పింది నేను," అంది.

అందరూ నా వైపు తిరిగారు. భూమి చీలి లోపలికి పోతే బాగుణ్ణనిపించింది.

"ఇది నీ రిపోర్టులో ఉంటుందా?" అన్నారు గురువుగారు. "ఉంటే, నీ శిక్షణ కొనసాగించాలా వద్దా అని కూడా అడుగుతారు."

"అడగనివ్వండి సార్."

ఇంకా ఏమీ తేల్చలేదు.

అమ్మని మళ్ళీ చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు అందరితోపాటు బెంచీ మీదే కూర్చోబెట్టాం.

"కూతురికి ఇంత చదువు, కొడుక్కి ఆసుపత్రిలో కొలువు. నాకు మాత్రం చెక్కబల్ల!" అంది అమ్మ. పక్కవాళ్ళు పకపకా నవ్వారు.

చెల్లెలు నవ్వలేదు. తలుపులోంచి ఎవరొచ్చినా, మెడకి తువ్వాలు ఉందేమోనని చూస్తూ కూర్చుంది.