ఉప్పునీళ్ల మీది మంచినీళ్లు

పంపు పెట్టిస్తానని వచ్చిన గొర్రెల ఫారం అధికారికి ఊరి బావులు తవ్విన ముసలి హోజాబెర్ది ఒక్క గిన్నెడు చాయ్‌తో బదులు చెప్పిన రోజున, అతని వదిన ఓగుల్‌బీబీ పక్కనే పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది.

"ఇంకో నాలుగు మూరలు తవ్వితే బోలెడు నీళ్లు పడతాయి. ఆ చేదతో ఎన్నాళ్లు తోడతావు పెద్దాయనా?" అన్నాడు అధికారి.

"తవ్వాను అబ్బాయీ, నీ కోసమే. మూలబావి పక్కన వేరే గుంత తీసి, తడి తగిలాక సరిగ్గా నాలుగు మూరలు. ఆ నీళ్లతో కాచిన చాయే నీ చేతిలో ఉంది. తాగు."

అధికారి గుక్క మింగలేక, చుట్టూ చేరిన ఊరివాళ్ల ముందు ఉమ్మలేక కళ్లు తేలేశాడు.

"పంచదార వెయ్యనా నాయనా?" అంది ఓగుల్‌బీబీ.

పంపు వచ్చిన లారీలోనే తిరిగిపోయింది.

కారకుం ఎడారిలోని ఆ ఊరికి దిక్కు వాననీళ్లే. చుట్టూ ఉన్న బంకనేల చుక్క తాగదు. పడిన వాన కాలువల వెంట జారి, నడిమి ఇసుకగుంతలో చేరి, అక్కడ నెమ్మదిగా ఇంకుతుంది. అడుగునంతా ఉప్పునీళ్లు. వాటిమీద ఈ మంచినీళ్లు పాలమీద మీగడలా తేలుతుంటాయి. లోతుకు పోయినా, ఆత్రంగా తోడినా ఉప్పు పైకొస్తుంది. అందుకే ఆ గుంతలో హోజాబెర్ది తవ్విన తొమ్మిది బావుల్లోనూ తడి తగిలాక మూరెడు మించి దిగలేదు. రోజుకొక బావి, అదీ తను తాగి చూశాకే తోడనిచ్చేవాడు. మబ్బు కనబడితే చాలు, పార భుజాన వేసుకుని కాలువల్లో చేరిన ఇసుక తీసేవాడు.

"నా చెల్లెలితో కన్నా ఆ పారతోనే నీ కాపురం ఎక్కువ" అని వెక్కిరించేది ఓగుల్‌బీబీ.

డెబ్బయ్యో ఏట జ్వరం వచ్చి అతని నాలుకకు రుచి చచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆపైన మూడేళ్లు వాన లేదు. ఒకనాడు గొర్రెపిల్లలు తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తగ్గాయి. ఓగుల్‌బీబీ చేత్తో తీసి తాగి చూసింది. ఉప్పు!

"పొద్దున నువ్వు తాగి బాగున్నాయన్న నీళ్లేనా ఇవి? ముసలితనంలో అబద్ధాలు నేర్చావా?"

హోజాబెర్ది తలొంచుకున్నాడు. "నాకు రుచి తెలియడం లేదు వదినా."

 మర్నాడు ఓగుల్‌బీబీ పార తీసుకుని కాలువల్లోకి తనే దిగింది.

వసంతంలో రెండు రోజులు వాన కొట్టింది. ఇసుకగుంత నిండి, మెల్లగా ఇంకింది. నలభై రోజులు ఆగి, మూలబావిలోంచి ఆమే మొదటి చేద తోడి తాగి చూసింది.

"ఎలా ఉంది?" అడిగాడు హోజాబెర్ది.

"ఎలా ఉంటుంది? నీళ్లలా ఉంది. నీళ్లకు రుచేమిటి?"

అతను చాలా రోజులకు నవ్వాడు.

"అయితే ఇకనుంచి తొమ్మిది బావులూ వారం వారం నువ్వే తాగి చూడు వదినా. ఉప్పు తగిలినదానికి మూత వేయించు. కాదన్నవాడితో పోట్లాడు. ఆ పని నాకన్నా నీకే బాగా వచ్చు."