తలుపు తట్టే తాత

పటాన్‌చెరు దగ్గర ఫైబర్ పడవలు తయారుచేసే మా షెడ్డుకు కాపలా ఉండే తాత ఎక్కడికి వెళ్లినా తలుపు తట్టి, "ఎవరన్న ఉన్నరా?" అని అడిగేవాడు. ఆ పడవల ఖాళీ పొట్టలను కూడా వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, జవాబు కోసం కాసేపు ఆగేవాడు.

ఆయన ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. కొత్త తెరచాప పడవను ఆ నీళ్లలోనే నడిపి చూస్తామని తెలిసి, "ఒక్కసారి మా ఇంటి మీదికెల్లి తీస్కపో బిడ్డా" అని నా వెంటపడ్డాడు.

పడవల గురించి గ్రంథాలయంలో చదివిందంతా దారిలో ఆయనకు చెప్పాను. అడుగు గుండ్రంగా ఉన్న పడవ నీటిని సులువుగా కోస్తుంది గానీ, గాలికి పక్కకు జారుతుంది. కింద రెక్కలా దిగే బరువైన కీల్ దాన్ని జారనివ్వదు. ఒరిగినా మళ్లీ నిలబెడుతుంది.

"గంత లోతుకు దిగుతదా? మరి మా ఇంటికి తాకదా?"

"ఇల్లు ఇంకేడుంటది తాతా!" అని నవ్వాను.

నీటి నడుమ, దూరపు గుట్టను ఆనవాలు పట్టి తాత చెయ్యి ఎత్తాడు. నేను తెరచాప దించాను. పడవ నిలిచింది. కింద, కీల్ మీద, టక్ టక్‌మని చప్పుడైంది. రాయి తగిలిందనుకుని పొడవాటి వెదురుగడ దించాను. కీల్‌ను దాటి ఎంత లోతుకు పోయినా దానికి ఏమీ తగల్లేదు.

మళ్లీ అదే చప్పుడు. అచ్చం తాత తట్టినట్టే ఉంది.

తాత వంగి, పడవ అడుగుకు నోరు ఆనించి, నెమ్మదిగా అన్నాడు: "ఆఁ, ఉన్నం."

ఆ తర్వాత ఆయన ఏ తలుపూ తట్టలేదు.