ఎవరినీ అడగకుండా లంకతోటకు

కృష్ణ మధ్యలో ఒక లంక ఉంది. దాని మీద అందరూ తిరిగే తోట ఒకటి ఉంది. లాంచీ ఎక్కి వెళ్లాలి. పెళ్లయిన కొత్తలోనే మా ఆయన నన్నక్కడికి తీసుకెళ్తానన్నారు. మాది చాట్రాయి దగ్గర ఊరు. ఏటా ఎవరివో మామిడితోటలు కౌలుకు తీసుకునేవాళ్లం. పూత మొదలు ఆఖరి కాయ దిగేదాకా ఇద్దరం తోటలోని పాకలోనే ఉండేవాళ్లం. కోతలయ్యేసరికి వానలు. నదికి వరదొస్తే లాంచీలు ఆపేసేవారు. వరద తగ్గేసరికి మళ్లీ దుక్కులు, మందులు. ముప్పై ఏళ్లపాటు ఆ లంక మాటల్లోనే ఉండిపోయింది. ఆయన పోయి మూడేళ్లయింది.

బోర్డులు చదవడం ఆయన పని. బస్సు వస్తుంటే నేను బస్సును కాదు, ఆయన మొహాన్ని చూసేదాన్ని. ఆయన పోయాక ప్రతిదానికీ ఎవరో ఒకరిని అడగాల్సి వచ్చింది. ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో ఎవరో చూపించిన బస్సెక్కి ఏలూరులో తేలాను. ఇంటికొచ్చాక మా తోటికోడలు నవ్వింది.

"నిన్ను పంపాలంటే నీ వెనకాల ఇంకొకళ్లకి కూడా టిక్కెట్టు కొనాలక్కా."

ఆ ఆదివారమే చర్చి వరండాలో పాస్టరమ్మగారి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. వాక్యం కూడబలుక్కోవడానికి రెండేళ్లు పట్టింది.

మొన్న నవంబరులో ఒక మంగళవారం ఒంటరిగా బయలుదేరాను. మళ్లీ ఇంటికొచ్చేదాకా దారి ఎవరినీ అడగకూడదని పంతం పట్టాను. ఈ ఒక్కరోజు అలా గడిస్తే మిగిలిన రోజులు కూడా గడుపుకోగలను. గడవకపోతే, తోడెవరొస్తారా అని తోటికోడలి వసారాలో ఎదురుచూస్తూ కూర్చోవడమే.

నిలబడున్న బస్సు బోర్డు చదవగలను గానీ కదిలే బస్సుది చదవలేను. నూజివీడులో రెండు బస్సులు అలాగే పోయాయి. మూడోది దొరికింది. బెజవాడలో సిటీ బస్సు కూడా చదివే ఎక్కాను. రేవులో టిక్కెట్ల కిటికీ పక్కన ఆఖరి లాంచీ అయిదింటికని రాసుంటే రెండుసార్లు చదువుకున్నాను. నీళ్లలో మునగకుండా తొడుక్కోమని ఇచ్చిన ఎర్ర జాకెట్టు పట్టీ పెట్టుకోవడం రాక నిలబడితే, లాంచీ మనిషి ఏమీ అనకుండా బిగించి వెళ్లిపోయాడు. అందరూ జంటలుగా, పిల్లలతో కూర్చున్నారు. నా పక్క సీటులో నా సంచీ పెట్టుకున్నాను.

తోటలో ప్రతి చెట్టుకూ పేరు రాసి పెట్టారు. పొగడ, నాగమల్లి, అశోకం అంటూ ఒక్కొక్కటే పైకి చదువుతూ నడిచాను. చివర నీళ్ల దగ్గర ఒక మామిడిచెట్టు ఉంది. బోర్డు మీద బంగినపల్లి అని ఉంది. నా చెయ్యి దానంతటదే ఒక ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టింది. కాయ లేని కాలంలో ఏ చెట్టేదో మేం అలాగే తెలుసుకుంటాం. అది చిన్నరసం. నేనే తప్పు చదివానేమోనని బోర్డు మళ్లీ చదివాను. రాసింది కూడా తప్పు కావచ్చని అప్పటిదాకా నాకు తోచనేలేదు.

"ఏమ్మా, ఆకులు కొయ్యకూడదండీ!" నీళ్లు పడుతున్న తోటపనావిడ కేకేసింది.

"ఇది బంగినపల్లి కాదమ్మా, చిన్నరసం."

"బోర్డు మీద రాసుందిగా."

"చదివాను. నువ్వే వాసన చూడు."

ఆవిడ చూసింది. "నాకు ఆకు వాసనే వస్తోంది. ఏ ఊరు మీది?"

"నూజివీడు అవతల."

"అదీ సంగతి! మీవాళ్లకి మామిడిచెట్టు కనపడితే మేనమామని చూసినట్టే. కాయ కాసినప్పుడొచ్చి చెప్పండి, బోర్డు మార్పిస్తా." నవ్వుకుంటూ పైపు లాక్కుని వెళ్లిపోయింది.

ఆయన ఉంటే చిన్నరసం కాదు, పెద్దరసం అనేవారు. కావాలనే అనేవారు. నేను ఇంకో ఆకు తుంచి ఆయన ముక్కుకి రుద్దేదాన్ని. ఆ చెట్టు కిందే కూర్చుని తెచ్చుకున్న చపాతీలు తిన్నాను. నేను చెప్పింది కాదనేవాళ్లు ఎవరూ లేరు.

నాలుగున్నరకే లాంచీ ఎక్కాను. అప్పటికి ఎవరినీ ఒక్క మాట అడగలేదు. పంతం నెగ్గినట్టే. అడగని మనిషితో ఎవరూ మాట్లాడరని కూడా ఆ పూటే తెలిసింది. అంతకుముందు బస్సు కోసం అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏ ఊరనో, ఎవరింటికనో అనేవారు. పొద్దుటి నుంచి తోటపనావిడ తప్ప నన్నెవరూ పలకరించలేదు.

లాంచీ ఎటు వెళ్తుందో ఎదురుగా పెద్ద అక్షరాలతో రాసుంది. చదివాను. చదివి, పక్కన కూర్చున్నావిడ వైపు తిరిగాను.

"ఇది అవతలి ఒడ్డుకేనా అమ్మా?"

ఆవిడ ఫోను ఒళ్లో పెట్టుకుంది. "ఇంకెక్కడికి వెళ్తదండీ! ఒక్కరే వచ్చారా?"

"అవునమ్మా."

"అయ్యో. ఏ ఊరండీ?"

ఒడ్డు పది నిమిషాల దూరమే. తొందర తొందరగా చెప్పడం మొదలుపెట్టాను.