అత్త కుట్టేసిన సీరియల్

చదివితే మనిషి బాగుపడతాడని ఎవరన్నా ఊదరగొడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. బాగుపడతాడు, కాదనను. కానీ చదువొచ్చిన నేను ఏం నిర్వాకం వెలగబెట్టానో కూడా వినండి.

యాభైల్లో జగ్గయ్యపేటలో మా ఇంటికి వారపత్రిక వచ్చేది. నాన్న పైపైన తిరగేసి పడేసేవాడు. అమ్మకు చదువు రాదు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మా మేనత్తకూ రాదు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక సీరియల్ చదివి వినిపించే పని నాది. అత్త ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ వినేది. నాకప్పుడు పన్నెండేళ్ళుంటాయేమో, ఎంత పొగరో! మంచి పట్టులో ఆపేసి, "జంతికలు పెడితేనే" అనేదాన్ని. "ఓసి నీ అఘాయిత్యం కూలా!" అంటూనే లేచి పెట్టేది పాపం.

అదే కథ సాయంత్రం బావి దగ్గర అత్త చెప్తుంటే బిందెలు నిండినా ఆడవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. రాసినవాడు రాయని వానా, విరిగిన బండి ఇరుసూ అత్త కథలో ఉండేవి. అందులో గయ్యాళి నోట మా వీధి తిట్లే పలికించేది. నేను చదివినదానికంటే అదే బాగుండేది, నిజం. తర్వాత్తర్వాత నేను నాలుగు ముక్కలు రాయగలిగానంటే అది ఆ బావి దగ్గర అబ్బిందే.

సీరియల్ పేజీలు చింపి దాచుకోవడం అప్పట్లో ఇంటింటా ఉండేది. అత్త బొమ్మల్ని బట్టి వరస పెట్టుకునేది. కథ అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. అక్షరం రాని మనిషి పెట్టెలో అలాంటి పుస్తకాలు అరడజను పైనే ఉండేవి.

ఒకసారి అడిగింది, "నాక్కూడా అక్షరాలు చెప్పకూడదుటే?" అని. నవ్వేశా. "ఈ వయసులో నీకెందుకత్తా, నేను లేనూ?" అన్నా. మళ్ళీ అడగలేదు.

నాకు పెళ్ళయి నందిగామ వెళ్ళిపోయా. నెలకోసారి అత్త నాలుగు వారాల పత్రికలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేది. నాకు తీరికయ్యేదాకా పెరటి వసారాలో కూర్చునేది. తీరికెక్కడిది? ఉమ్మడి కాపురం, చంకలో పసిపిల్ల, పొయ్యి మీద ఎసరు. రెండు పేజీలు చదివానో లేదో మా అత్తగారు లోపల్నించి, "కోడలుగారి పురాణ కాలక్షేపం అయిందాండీ?" అనేది. ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. ఆవిణ్ణి ఏమీ అనలేను. నా కోపం పడటానికి మేనత్త ఒక్కతే దొరికింది.

ఒకరోజు పాలు పొంగిపోయాయి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అత్త పత్రిక చాపి, "ఆ అమ్మాయి మొగుడి దగ్గరికి వెళ్ళిందా లేదా, అదొక్కటి చెప్పవే తల్లీ" అంది. పేజీ చూసినట్టు నటించి, "చచ్చిపోయిందత్తా. నూతిలో పడింది. కథ అయిపోయింది" అనేశా.

అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపయ్యాక, "కాలు జారిందా, కావాలనే దూకిందా?" అనడిగింది. "కావాలనే" అన్నా. ఆ ముందు రోజు మొగుడికి ఉత్తరం రాసి చింపేసిందని కూడా కల్పించా. అన్ని కథలు చదివినదాన్ని కదా, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

తర్వాతి నెల అత్త రాలేదు. ఆపై నెలా రాలేదు. హమ్మయ్య అనుకున్నా, ఆ మాట దాచుకోను.

మూడో నెలలో అత్త వచ్చింది. చేతిలో కుట్టేసిన సీరియల్. కుట్టు వంకరటింకరగా ఉంది, రెండు పేజీలు తలకిందులుగా ఉన్నాయి. దాన్ని జగ్గయ్యపేటలో పక్కింటి బడిపిల్లకి చూపించి, "ఈ కథ అయిపోయిందే, కుట్టేశా" అందట. ఆ పిల్ల పకపకా నవ్వి, "అదేంటి అత్తయ్యా, ఇంకా వస్తోందిగా! ఆవిడ బతికే ఉంది" అందట.

తిడుతుందనుకున్నా. తిట్టినా బాగుండేది. "నాకే అక్షరాలొచ్చుంటే నీకు అబద్ధమాడే ఖర్మ ఎందుకు పట్టేదే" అంది. నామీదే జాలిపడుతోంది! సిగ్గుతో చచ్చిపోయా.

"ఇప్పుడే చెప్తా అత్తా, ఇప్పుడే" అంటూ లోపలికి పరిగెత్తి మా మరిది పలక తెచ్చా. పొయ్యి ఆరిపోనీ, ఎవరేమైనా అననీ అనుకున్నా. పలక నిండా పట్టేంత 'అ' రాసి చేతికిచ్చా. అత్త పలకని ముక్కు దాకా తెచ్చుకుంది. ఎండలోకి తిప్పింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ కళ్ళల్లో తెల్లటి పొర అప్పుడు కనపడింది నాకు.

"రాశావా? ఎక్కడే?" అంది.