అందరికీ తెలిసిన పరుగు

"మీవాళ్లు ఎటు పరుగెత్తుతారో స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. ఇంకా అదే ఎందుకు ఆడిస్తున్నారు, కోచ్?"

అడిగింది టెస్సా బ్రాండ్‌వోల్డ్, ఈరీ నగరపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కొత్తగా లెక్కలు కట్టే అమ్మాయి. పది పరుగుల్లో ఏడు కుడివైపే పోతున్నాయని ఆమె ల్యాప్‌టాప్ చెబుతోంది.

బంతి పట్టినవాడికి దారి చేసే అయిదుగురు భారీకాయులకు ఎమిల్ హ్రుష్కా తొమ్మిదేళ్లుగా శిక్షణ ఇస్తున్నాడు. కాఫీ ఒక గుక్క తాగి, "ఏడేనా? ఎనిమిదనుకున్నానే" అన్నాడు.

నవ్వులాటకు సమయం కాదది. వరుసగా మూడు ఓటములు. "ఆదివారం కూడా పోతే నీ చోట్లో ఇంకొకణ్ణి చూసుకుంటాను, ఎమిల్" అని పెద్ద కోచ్ సూటిగానే చెప్పేశాడు. అరవై ఒకటో ఏట మరో జట్టు పిలవదు.

ఓపిక, విశ్వాసం, ఉక్కు గుండె అంటూ ఊరి పత్రిక ఏటా అతని మీద ఒక వ్యాసం రాస్తుంది. అదంతా ఊక. ఎమిల్ నమ్మింది పాదాలను. గడ్డి మీద సున్నంతో అడుగులు గీసి, అయిదుగురి నడుములకూ ఒకే తాడు కట్టి కదిలిస్తాడు. తాడు బిగిసిందంటే ఎవడో వెనకబడ్డట్టే. మళ్లీ మొదటినుంచి.

"చూడమ్మా, బయల్దేరేది కుడివైపని అందరికీ తెలుసు. మూడో అడుగులో సందు ఎక్కడ పడుతుందో నాకే తెలీదు. అవతలివాడు బయటికి ఉరికితే బంతి పట్టిన మావాడు లోపలికి మళ్లుతాడు. లోపలే ఉంటే బయటికి పోతాడు. వాడు ఏది చేసినా తప్పే."

"ఆ ముక్క నా లెక్కలో లేదు" అంది టెస్సా.

ఆదివారం ఊరి పక్క సరస్సు మీదినుంచి మంచుగాలి కొడుతోంది. అవతలి జట్టు నడిమి కాపలాదారు ప్రతిసారీ అరుస్తున్నాడు: "కుడివైపే. మళ్లీ కుడివైపే."

"అవునన్నా, అటే వస్తున్నా. తలుపు తీసిపెట్టు" అన్నాడు ఈరీ తరఫున బంతి పట్టి పరుగెత్తే క్విన్సీ బార్డ్‌వెల్.

మొదటి సగంలో తలుపు తెరుచుకోలేదు. రెండు గజాలు, మూడు గజాలు, ఒకసారి వెనక్కి కూడా.

"ఇక పరుగులు చాలు, బంతి విసురుదాం" అన్నాడు పెద్ద కోచ్.

"అవతలివాళ్ల రొప్పు వినండి. ఇంకాసేపు ఆగండి" అన్నాడు ఎమిల్.

చివరి ఆరు నిమిషాలు. నాలుగు పాయింట్ల వెనకబాటు. ఎనిమిదిసార్లు వరుసగా కుడివైపే పోయారు. ఒక్కో పరుగుకూ ఆ కాపలాదారు ఇంకాస్త ముందే బయటికి దూకుతున్నాడు. తొమ్మిదోసారి బంతి చేతులు మారకముందే దూకాడు. క్విన్సీ కాలు ఊని లోపలికి మళ్లాడు. ఎదుట పచ్చగడ్డి తప్ప ఎవరూ లేరు. పంతొమ్మిది గజాలు పరుగెత్తి చివరి గీత దాటాడు: ఆరు పాయింట్లు. ఆట గెలిచారు.

"ఆ కాపలావాడికి మరీ బాగా తెలిసిపోయింది" అంది టెస్సా.

మర్నాడే ఎమిల్‌కు రెండేళ్ల కొత్త ఒప్పందం వచ్చింది. ఒక ఆటలో నూరు గజాలు దాటిన పరుగులవాడు, దారి చేసినవాళ్లకు విందు ఇవ్వాలి. అది ఆ జట్టు ఆచారం. క్విన్సీ ఆ ఆదివారం దాటాడు. అయిదుగురూ కలిసి పద్నాలుగు స్టేక్‌లు తిన్నారు. క్విన్సీ పర్సు మరిచి వచ్చాడు. ఎమిల్ కట్టిన వెయ్యిన్నూట నలభై డాలర్లు ఇంకా తిరిగి రాలేదు.